పొలం పక్కన వెంచర్ వస్తోందా? గోడ లేవకముందే దారి సంగతి చూసుకోండి

ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు వెంట నారపల్లి దాకా, ఇటు నాచారం, మల్లాపూర్ వైపు ఒకప్పటి పొలాల్లో ఇప్పుడు ఇళ్లే ఉన్నాయి. మూసీ వెంట కాచవాని సింగారం, ప్రతాప సింగారం వైపు మాత్రం పచ్చగడ్డి, ఆకుకూరలు, వరి పండించే చిన్న రైతులు ఇంకా ఉన్నారు. వెంచర్ వస్తుందనగానే అందరూ ఎకరం ధర గురించే మాట్లాడుకుంటారు. దారి గురించి అడిగేవారు తక్కువ. దారి లేని పొలంలో పంట తీయడం కష్టం, అమ్మబోయినా ధర రాదు.

పచ్చగడ్డి వేసిన ఒక రైతు పొలానికి రెండు పక్కలా ప్రహరీలు లేవడం నేను చూశాను. అంతకుముందు ఆటో మడి దాకా వచ్చేది. ఆ తర్వాత మోపులు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా మోయాల్సి వచ్చింది. కూలి పెరిగింది, పొద్దెక్కేసరికి గడ్డి వాడింది, పాడి రైతులు వేరేచోట కొనుక్కున్నారు. రెండేళ్లలో ఆ మడి బీడు పడింది. నేల బాగానే ఉంది, పోయింది దారే.

ఇళ్లు ముందు, రోడ్లు తర్వాత

ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఈలోగా రెండు వైపులా కాలనీలు పెరుగుతూనే ఉన్నాయి. కాబట్టి "పెద్ద రోడ్డు వస్తుంది, అన్నీ సర్దుకుంటాయి" అనే మాట మీద ఆధారపడవద్దు. పని జరిగే రోజుల్లో టిప్పర్లు తిరిగేది మీ బండ్ల బాట మీదే. బాట గుంతలు పడినా, పక్క కాలువ పూడినా ఎవరు బాగు చేయాలో పని మొదలుకాకముందే రాయించుకోవాలి.

మీ దారి కాగితంలో ఉందా?

• తహసీల్దార్ కార్యాలయంలో లేదా సర్వే విభాగంలో గ్రామ నక్షా నకలు తీసుకోండి. మామూలుగా బండ్ల బాటను జంట చుక్కల గీతగా, కాలిబాటను ఒంటి చుక్కల గీతగా చూపుతారు.
• మీ సర్వే నంబరు టిప్పన్, పాత పహాణీలు, కొనుగోలు దస్తావేజులో రాసిన హద్దులు సరిచూడండి.
• బాట వెడల్పు కొలిచి, ట్రాక్టర్ వెళ్తుండగా తేదీతో ఫోటోలు తీసి పెట్టుకోండి. పెద్ద వరికోత యంత్రాల కట్టర్ వెడల్పు 12 నుంచి 14 అడుగుల దాకా ఉంటుంది. ట్రాక్టర్ పడితే చాలని సరిపెట్టుకోవద్దు.

వెంచర్ కాగితాల్లో ఏం చూడాలి?

500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ప్లాట్లు గానీ, 8కి మించి ఫ్లాట్లు గానీ అమ్మాలంటే రెరా నమోదు తప్పనిసరి. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ఆమోదించిన ప్లాన్ చూడవచ్చు. దొరక్కపోతే అనుమతి ఇచ్చిన కార్యాలయంలో సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ప్లాన్‌లో రెండు సంగతులు చూడండి. ఒకటి, మీ పాత బాట రోడ్డుగా ఉందా, లేక దాని మీద ప్లాట్లు వేశారా. రెండు, లోపలి రోడ్డు మీ గట్టు దాకా వస్తుందా, లేక ముందే ఆగిపోతుందా.

2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 భవన నిబంధనల్లో చాలామంది రైతులకు తెలియని అంశం ఒకటి ఉంది. గ్రూప్ హౌసింగ్ వంటి పెద్ద ప్రాజెక్టులు లోపలి వైపు ఉన్న ఇతరుల భూములకు వెళ్లేందుకు, తమ స్థలంలోనే ఒక అంచున 9 మీటర్ల, అంటే దాదాపు 30 అడుగుల ప్రజా రోడ్డు వేయాలి. మీ పక్కన వచ్చే ప్రాజెక్టుకు ఇది ఎలా వర్తిస్తుందో, తర్వాత వచ్చిన సవరణలేమిటో పట్టణ ప్రణాళిక అధికారిని రాతపూర్వకంగా అడగండి.

లేఅవుట్‌కు మొదట డ్రాఫ్ట్ అనుమతి ఇస్తారు. రోడ్లు వేసి, వాటిని స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేశాక తుది అనుమతి వస్తుంది. అభ్యంతరం చెప్పాల్సిన సమయం ఈ రెండింటి మధ్యే. ఆ తర్వాత అడగవచ్చు గానీ పని కష్టమవుతుంది. నారపల్లి దివ్యనగర్ లేఅవుట్ చుట్టూ ఉన్న ప్రహరీ వల్ల తమ దారులు మూసుకుపోయాయని చుట్టుపక్కల కాలనీలవారు ఫిర్యాదు చేయగా, 2025 జనవరిలో హైడ్రా ఆ గోడను కూల్చింది. అందాకా ఆ ఇబ్బంది పడింది అక్కడివారే.

బాట మూసేస్తే

• గోడ కూల్చడానికి సొంతంగా వెళ్లవద్దు. కేసు మీ మీదికే వస్తుంది.
• నక్షా, ఫోటోలతో తహసీల్దారుకు, స్థానిక సంస్థకు దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలోనూ ఇవ్వండి.
• పక్కవారి పట్టా భూమిలోంచి 20 ఏళ్లుగా హక్కుగా, అడ్డులేకుండా నడిచి ఉంటే 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం దారి హక్కును గుర్తిస్తుంది. ప్రభుత్వ భూమి అయితే 30 ఏళ్లు. బాట మూసిన 2 ఏళ్లలోపే కోర్టులో దావా వేయాలి. ఈ గడువు మరవద్దు.
• "మీ అనుమతితో నడుస్తున్నాం" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టవద్దు. అనుమతితో నడిచిన దారికి ఈ హక్కు నిలవదు.
• మహిళలకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

మీ భూమే రోడ్డుకు పోతే

2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లోపు అభ్యంతరం రాసి ఇవ్వాలి. రోడ్డు మీ పొలాన్ని రెండు ముక్కలు చేస్తే, అలా విడిపోవడం వల్ల మిగిలిన భూమికి కలిగే నష్టానికీ పరిహారం అడగవచ్చు.

మీరే కొంత అమ్ముతుంటే

రోడ్డు వైపు ముక్క అమ్మి వెనక ముక్క ఉంచుకునే రైతులే ఎక్కువగా చిక్కుల్లో పడుతున్నారు. వెనక్కి వెళ్లే దారి ఎన్ని అడుగులు, ఏ సర్వే నంబరులో, ఏ హద్దు వెంట ఉందో రిజిస్టర్ అయ్యే దస్తావేజులోనే రాయించండి. నోటిమాట మీద వదిలేయవద్దు. కొన్నవారు రేపు ఇంకొకరికి అమ్ముతారు, ఆ కొత్తవారికి మీ నోటిమాటతో పనిలేదు.

పక్క పొలంలో సర్వే రాళ్లు పాతుతుంటే, ఆ వారంలోనే నక్షా నకలుకు దరఖాస్తు పెట్టండి. ఆ బాట వాడే రైతులంతా కలిసి ఒకే అర్జీ ఇస్తే ఇంకా మంచిది.