ఎముకల మీది ప్రశ్నలు ఎవరివి?

చైనా జోస్యం గురించి, ఫెంగ్ షుయి గురించి మాట వస్తే అభ్యుదయ రచయితలం ‘మూఢనమ్మకం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ మాట అబద్ధం కాదు. కాని అక్కడే ఆగితే చరిత్ర మన చేతికి చిక్కదు. భవిష్యత్తును అడిగింది ఎవరు, ఎవరి కోసం అడిగారు, జవాబు చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్నలు వేసుకోకుండా ఏ జోస్యాన్నీ అర్థం చేసుకోలేమని నా అభిప్రాయం.

చైనా లిపికి దొరికిన తొలి విస్తృత సాక్ష్యం కావ్యం కాదు, జోస్యం. షాంగ్ రాజుల చివరి రాజధాని అయిన ఆన్యాంగ్ దగ్గర బయటపడిన తాబేటి డిప్పలు, ఎద్దు జబ్బ ఎముకలే ఆ సాక్ష్యం. ‘డ్రాగన్ ఎముకలు’ అనే పేరుతో మందుల కొట్లలో అమ్ముడుపోతున్న వీటి మీది గీతలు ప్రాచీనాక్షరాలని 1899లో వాంగ్ యీరోంగ్ అనే పండితుడు గుర్తించాడు. 1928లో శాస్త్రీయమైన తవ్వకాలు మొదలయ్యాయి. 1936లో ఒక్క గోతిలోనే 17 వేలకు పైగా ముక్కలు దొరికాయి.

ఎముక వెనక గుంటలు తొలిచి సెగ తగిలిస్తే ముందువైపు పగుళ్ళు వస్తాయి. వాటిని బట్టి శుభాశుభాలు. వాన పడుతుందా, పంట పండుతుందా, యుద్ధానికి పోవచ్చునా, రాజుగారి పంటినొప్పికి కారణం ఏ పితృదేవత? ఇవీ ప్రశ్నలు. పగులును చదివి జవాబు చెప్పేది చాలాసార్లు రాజే. అదే వరుసలో ఇంకొకటి: చియాంగ్ బందీలను ఎంతమందిని బలి ఇవ్వాలి? ఆ బందీ అడగదలచుకున్న ప్రశ్న మాత్రం ఏ ఎముక మీదా లేదు.

క్రీ.పూ. 13వ శతాబ్దపు రాజు వూ డింగ్ భార్య ఫూ హావో. వేల సైన్యాన్ని నడిపిన స్త్రీ. ఆమె కాన్పు గురించి అడిగినప్పుడు రాజు ఫలానా రోజుల్లో అయితే మంచిదన్నాడు. 31 రోజులకు, వేరే రోజున ప్రసవం అయింది. ‘మంచి జరగలేదు, ఆడపిల్ల’ అన్న అర్థంలో లేఖకుడు చెక్కాడు. రాజుగారి మాట నిలబడింది, పుట్టిన బిడ్డ అశుభమయింది! 1976లో ఫూ హావో సమాధి చెక్కుచెదరకుండా బయటపడింది. అందులో ఆమెతోపాటు బలి అయిన 16 మంది అస్థికలున్నాయి.

దీన్ని ప్రశ్నించినవాళ్ళు చైనాలోనే పుట్టారు. క్రీ.శ. 1వ శతాబ్దంలో వాంగ్ చోంగ్ తన ‘లూన్ హెంగ్’లో, ఎండిన ఎముకలూ చచ్చిన గడ్డిపరకలూ భూమ్యాకాశాల మనసు ఎలా చెబుతాయని నిలదీశాడు. అయితే ఆయనే విధిని నమ్మాడు. యుగం విధించిన హద్దు అది. 7వ శతాబ్దంలో తాంగ్ చక్రవర్తి ఆజ్ఞపై జ్యోతిష గ్రంథాలను పరిశీలించిన ల్యూ త్సాయ్ ఇంకొంచెం ముందుకు పోయాడు. క్రీ.పూ. 260లో చాంగ్‌పింగ్‌లో పూడ్చి చంపబడిన సైనికులందరి జాతకాల్లోనూ ఒకే దోషం ఉందా అని అడిగాడు.

దాదాపు 1300 ఏళ్ళ తరువాత, 1927 నాటి హునాన్ నివేదికలో మావో అదే తర్కాన్ని తలకిందులు చేశాడు. కొద్ది నెలల్లో జమీందార్లంతా కూలిపోయారే, వాళ్ళ పూర్వీకుల సమాధుల స్థలబలం ఒక్కసారిగా చెడిపోయిందా అన్నాడు. ల్యూ త్సాయ్ వాదం ఆస్థానంలో మిగిలిపోయింది. ఈ వాదం రైతు సంఘాల అనుభవం మీద నిలబడింది. విగ్రహాలను రైతులే తమంతట తాము వదలాలి, ఇతరులు తొందరపడి తొలగించకూడదని కూడా అక్కడే ఉంది. 1966లో రెడ్ గార్డులు ఈ హెచ్చరికను పాటించలేదు. బలవంతంగా అణిచిన ఫెంగ్ షుయి 1980ల నుంచి మళ్ళీ తలెత్తింది.

ఇవాళ మన పట్టణాల దుకాణాల్లోనూ నవ్వే బుద్ధుడు, మూడుకాళ్ళ కప్ప వాస్తు పుస్తకాల పక్కనే అమ్ముడుపోతున్నాయి. కొనేవాణ్ణి వెక్కిరించడం తేలిక. అప్పుల భయమో, ఉద్యోగం ఊడుతుందన్న దిగులో అతన్ని అక్కడికి నడిపిస్తుంది. ఆ భయానికి మూలం చూపించలేని హేతువాదం అతని చెవికెక్కదు. షాంగ్ లేఖకుడు రాజు ప్రశ్నలే చెక్కాడు. బందీ ప్రశ్నను రాయవలసిన పని మన సాహిత్యానికి ఇంకా మిగిలే ఉంది.