పోర్టు తెరిచారు, మూసేదెవరు?

2020 అక్టోబరు 22, గురువారం. బతుకమ్మ రోజులు. దసరాకు ఇంకా మూడు రోజులు. వారం కిందటి కుండపోతకు మునిగిన హైదరాబాద్ కాలనీల్లో జనం ఇంకా బురద ఎత్తిపోసుకుంటున్నారు. ఆ రోజు డాక్టర్ రెడ్డీస్ సంస్థ స్టాక్ ఎక్స్ఛేంజీలకు ఒక కబురు పంపింది. సైబర్ దాడిని గుర్తించాం, ముందుజాగ్రత్తగా డేటా సెంటర్ సేవలన్నింటినీ వేరుచేశాం అని దాని సారాంశం. 24 గంటల్లో సేవలన్నీ తిరిగి అందుతాయని ఆశిస్తున్నట్టు కంపెనీ చీఫ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్ ముఖేశ్ రాఠీ చెప్పారు.

కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన కంపెనీ అది. పటాన్‌చెరు పక్కనే బొల్లారంలో దాని ముడిమందుల ప్లాంట్లున్నాయి. స్పుత్నిక్-వి టీకాను మన దేశంలో మనుషులపై పరీక్షించడానికి అనుమతి వచ్చి అప్పటికి అయిదు రోజులే. దేశమంతా టీకా కోసం ఎదురుచూస్తున్న వేళ ఈ వార్త వచ్చింది.

మందుల కంపెనీలో సర్వర్లను ఆపడమంటే ఉత్త ఈమెయిళ్లు ఆగడం కాదు. ఏ డ్రమ్ములో ఏ బ్యాచ్ ఉందో, క్యూసీ ల్యాబ్ దేన్ని పాస్ చేసిందో, ఏ లారీలో ఏ సరుకు పోవాలో చెప్పేవి కంప్యూటర్లే. అవి ఆగితే రియాక్టర్ తిరుగుతున్నా సరుకు గేటు దాటడం కష్టం. అయినా నడుస్తున్నవాటిని తమ చేత్తోనే ఆపాలని నిర్ణయించుకోవడానికి గుండె దిటవు కావాలి. ఆ నిర్ణయం సరైనదని నేను నమ్ముతాను. అక్టోబరు 28న త్రైమాసిక ఫలితాలతో పాటు కంపెనీ అసలు సంగతి బయటపెట్టింది: జరిగింది రాన్సమ్‌వేర్ దాడి. అంటే ఫైళ్లకు తాళం వేసి, డబ్బిస్తేనే తీస్తామని బెదిరించే రకం. బయటి నిపుణులను పిలిపించి మరమ్మతు మొదలుపెట్టామని కూడా చెప్పింది.

ఆ దాడి ఏ దారిన వచ్చిందో ఊహించి రాయడం నా పని కాదు. నేను చెప్పదలచుకున్నది అదే ఏడాది పటాన్‌చెరు పరిశ్రమల వాడలో చిన్న యూనిట్లు తెరిచిన దారి గురించి. రాన్సమ్‌వేర్ ముఠాలు మొదట కాలుపెట్టే చోటు 70 నుంచి 80 శాతం సందర్భాల్లో, దూరం నుంచి ఆఫీసు కంప్యూటర్‌ను నడిపించే రిమోట్ డెస్క్‌టాపేనని 2020 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌బీఐ అధికారి ఒకరు ఒక సదస్సులో చెప్పారు. దాదాపు నెల తర్వాత మన దగ్గర లాక్‌డౌన్ వచ్చింది.

మందుల తయారీకి మినహాయింపు ఉంది కాబట్టి ప్లాంటు నడిచింది. అకౌంట్స్ వాళ్లు మాత్రం ఇళ్లకు చేరారు. ఇక్కడి నుంచి చెప్పేది ఏ ఒక్క యూనిట్ కథా కాదు. పాశమైలారంలోనో, బొంతపల్లిలోనో ఎన్నో చోట్ల జరగగల పనిని ఒక సన్నివేశంగా కూరుస్తున్నాను.

"తమ్మీ, ఇంటికాడ టాలీ తెరుసుకుంటలేదు. జీఎస్టీ రిటర్న్ ఎట్ల వేసుడు?"

"ఆగుండ్రి సార్, రూటర్ల పోర్టు ఫార్వర్డ్ చేస్త."

యూనిట్ మొత్తానికీ బయటి లోకం ఎరిగిన ఇంటర్నెట్ చిరునామా ఒక్కటే. లోపలి యంత్రాలకు 192.168తో మొదలయ్యే సొంత చిరునామాలుంటాయి. వాటిని బయటివాళ్లు నేరుగా చేరలేరు. రూటర్ గేటు దగ్గర సెక్యూరిటీలా నిలబడి, లోపలివాళ్లు పిలిచిన వాటినే రానిస్తుంది. పోర్టు ఫార్వర్డింగ్ అంటే ఆ రూటర్‌కి శాశ్వతంగా ఇచ్చే ఆజ్ఞ: రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 అని అడుగుతూ ఎవరొచ్చినా టాలీ ఉన్న సర్వర్ 192.168.1.20 దగ్గరికి పంపు.

ఐటీ కుర్రాడు ఆ నియమం రాశాడు. పని చేయలేదు. సర్వర్‌లోని విండోస్ ఫైర్‌వాల్ చూశాడు, అక్కడ అనుమతి లేదు, ఇచ్చాడు. అయినా రాలేదు. చూస్తే రాత్రి కరెంటు పోయి వచ్చాక సర్వర్‌కి రూటర్ కొత్త చిరునామా ఇచ్చింది. నియమమేమో పాత చిరునామాకే పంపుతోంది. .20ని ఆ సర్వర్‌కే కట్టేశాడు. ఆఫీసు వైఫైలోనే కూర్చుని బయటి చిరునామా కొట్టి చూశాడు, మళ్లీ రాలేదు. లోపలి నుంచి బయటికి వెళ్లి తిరిగి లోపలికి రావడాన్ని చాలా రూటర్లు ఒప్పుకోవు. పరీక్ష మొబైల్ డేటా మీద చేయాలి. అదీ చేశాడు, అయినా రాలేదు.

చివరికి రూటర్ స్టేటస్ పేజీలో బయటివైపు చిరునామా చూశాడు. 100.72తో మొదలవుతోంది. చిక్కుముడి అక్కడుంది. పాత తరహా ఇంటర్నెట్ చిరునామాలు చాలక, ఎందరో కస్టమర్లను ఒకే పబ్లిక్ చిరునామా వెనక కూర్చోబెట్టడానికి 100.64 నుంచి 100.127 దాకా వరుసను 2012లో కేటాయించారు. అలాంటి కనెక్షన్ మీద మన రూటర్‌లో ఎన్ని నియమాలు రాసినా దండగే. ఆపైన ఇంటర్నెట్ కంపెనీ రూటర్ ఇంకోటుంది, దాని మీద మనకు అధికారం లేదు. కుర్రాడు ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి స్టాటిక్ ఐపీ, అంటే యూనిట్‌కే సొంతమైన మారని పబ్లిక్ చిరునామా, తెప్పించాడు. రామచంద్రాపురంలో ఇంట్లో కూర్చున్న సారుకి టాలీ తెరుచుకుంది. రిటర్న్ గడువులోగా పడింది. అందరూ సంతోషించారు.

ఆ కుర్రాడి పనితనాన్ని నేను తక్కువ చేయను. ఒక్కో అడ్డంకినీ వరుసగా తీసుకుంటూ పోయాడు. కానీ తలుపు సారు ఒక్కరికే తెరుచుకోలేదు. 2013లో మిషిగాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జీమ్యాప్ అనే పనిముట్టుతో ఒకే కంప్యూటర్ నుంచి, 45 నిమిషాల లోపే, పాత తరహా ఇంటర్నెట్ చిరునామాలన్నింటిలో ఒక పోర్టు తెరిచి ఉందో లేదో తట్టి చూడొచ్చని చూపించారు. అలాంటి పనిముట్లకు పాశమైలారం చిన్న యూనిట్ అనీ, పెద్ద కంపెనీ అనీ తేడా లేదు. బయటి పోర్టును 3389 నుంచి 50001కి మార్చినా దాక్కున్నట్టు కాదు. ఉన్న 65,535 పోర్టులనూ తట్టే ఓపిక యంత్రాలకుంది.

ఆ సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సెక్యూరిటీ లాగ్ చూస్తే 4625 నంబరుతో వరుసలు కనిపిస్తాయి. పాస్‌వర్డ్ తప్పిన ప్రతి ప్రయత్నానికీ ఒక వరుస. అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, యూజర్ అంటూ తెల్లవార్లూ ఎవరో పేర్లు మార్చి మార్చి కొడుతుంటారు. కంపెనీ పేరు, పక్కన 123 పాస్‌వర్డ్‌గా ఉన్న చోట అది ఎన్నాళ్లో ఆగదు. లాక్‌డౌన్ ఎత్తేశారు. సారు ఆఫీసుకొచ్చారు. కుర్రాడు వేరే ఉద్యోగానికి వెళ్లాడు. రూటర్‌లో ఆ నియమం అలాగే ఉంది.

నన్ను బాధించేది ఇదే. ఈ వాడలో సాల్వెంట్ దగ్గర వెల్డింగ్ చేయాలంటే హాట్ వర్క్ పర్మిట్ కావాలి. ఎవరు, ఎక్కడ, ఎన్నింటి దాకా అన్నది రాసి సంతకం పెడతారు, పని అయ్యాక మళ్లీ చూసి పర్మిట్ మూసేస్తారు. పోర్టుకు మాత్రం ఏ కాగితమూ లేదు. ఇంటి నుంచి పని చేయాలంటే ముందు వీపీఎన్, దానికి ఫోన్‌లో వచ్చే రెండో కోడ్, ఆ తర్వాతే రిమోట్ డెస్క్‌టాప్. 3389ని నేరుగా ఇంటర్నెట్‌కి ఎప్పుడూ చూపకూడదు. బ్యాకప్ ఒకటి ఏ వైరుకూ తగలకుండా విడిగా ఉండాలి. కెమెరా కోసమో, మెషీన్ బాగుచేసే వెండర్ కోసమో ఏ పోర్టయినా తెరవక తప్పకపోతే హాట్ వర్క్ పుస్తకంలోనే ఇంకో పేజీ చాలు: పోర్టు నంబరు, ఏ సర్వర్‌కి, ఏ చిరునామా నుంచి వచ్చేవాళ్లకు, మూసే తేదీ, మూసినవారి సంతకం.

సైబర్ దాడి జరిగిందని తెలిసిన ఆరు గంటల్లోగా తమకు చెప్పాలనీ, లాగ్‌లు 180 రోజులు దాచాలనీ 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. ఆరు గంటల్లో ఏం జరిగిందో చెప్పాలంటే, ఏ తలుపు ఎవరి కోసం తెరిచారో ముందే ఎక్కడో రాసి ఉండాలి. ఈ సోమవారం షిఫ్ట్ మొదలయ్యాక మీ యూనిట్ ఐటీ వాళ్లతో కూర్చుని రూటర్‌లో పోర్టు ఫార్వర్డింగ్ పేజీ తెరిపించండి. ఒక్కో వరుస ఎవరి కోసమో అడగండి. జవాబు రాని వరుసను అప్పుడే తీయించండి.