తుపాకి గొట్టం సైజు ఎవరి రిక్వైర్‌మెంటు?

మొన్న లంచ్ అయ్యాక మా రుషికొండ ఆఫీసులో ఓ వాదన. మూతిలోంచి మందు కూరి పేల్చే పాతకాలం తుపాకుల్లో ఏ సైజు గొట్టానికి గురి ఎక్కువ? "గుండు ఎంత పెద్దదైతే అంత మంచిది" అన్నాడొకడు. "కాదు, చిన్నదే నయం" అన్నాడు ఇంకొకడు. ఇద్దరూ సగం కరెక్టే :)

ఇక్కడి నుంచి భీమిలి వెళ్ళి, లోపలికి తిరిగితే పద్మనాభం వస్తుంది. 1794 జూలై 10న విజయరామ గజపతి కంపెనీ సేనతో పోరాడి చనిపోయింది అక్కడే. ఆ రోజుల్లో కంపెనీ సిపాయిల తుపాకి బ్రౌన్ బెస్. గొట్టం .75 అంగుళాలు, గుండేమో .69. ఆ ఖాళీ తప్పు కాదు, కావాలనే వదిలారు. నాలుగు సార్లు పేల్చేసరికి గొట్టంలో మసి పేరుకుంటుంది, గుండు బిగుతుగా ఉంటే దిగదు. కానీ వదులు గుండు గోడలకి కొట్టుకుంటూ బయటికొస్తుంది. వంద గజాలు దాటితే గురి అంతా అదృష్టమే.

పోనీ సైజు తగ్గిద్దామా అంటే, గుండ్రటి గుండుతో ఒక చిక్కుంది. వ్యాసం సగమైతే బరువు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. తేలిక గుండు దూరం పోదు, గాలికి పక్కకి కొట్టుకుపోతుంది.

ఈ చిక్కుముడి విప్పింది పొడుగాటి తూటా. 1849లో మినియే అనే ఫ్రెంచి అధికారి తెచ్చిన తూటా వదులుగా లోపలికి జారుతుంది, పేల్చగానే దాని అడుగు భాగం విచ్చుకుని గొట్టంలోని మెలికల గాడుల్ని పట్టుకుంటుంది. ఆ పద్ధతిలోనే 1853 ఎన్‌ఫీల్డ్ వచ్చింది. గొట్టం .577కి తగ్గింది, తూటా బరువు మాత్రం సుమారు 34 గ్రాములు, అంటే బ్రౌన్ బెస్ గుండు కన్నా తక్కువేం కాదు.

1857లో విట్‌వర్త్ అనే ఇంజినీరు ఇంకో మెట్టు దిగాడు. దాదాపు అదే బరువు, కానీ గొట్టం .451. ఎన్‌ఫీల్డ్‌లో తూటా 78 అంగుళాలకి ఒక చుట్టు తిరిగితే ఇందులో 20 అంగుళాలకే తిరుగుతుంది. 500 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్ సగటున రెండడుగులకి పైగా తప్పితే, ఇది అర అడుగు కూడా తప్పలేదు. అయినా సైన్యం వద్దంది. మసి త్వరగా పడుతుంది, ఖర్చు ఎక్కువ. బెంచ్‌మార్కులో నెగ్గి ప్రొడక్షన్‌కి పోని ప్రాజెక్టులు మనకి మాత్రం కొత్తా?

ఇంతవరకూ ఇది ఇంజినీరింగే. తర్వాతిదే నన్ను ఆలోచనలో పడేసింది.

1857 తిరుగుబాటు ఈ ఎన్‌ఫీల్డ్ తూటా కాగితానికి పూసిన కొవ్వు దగ్గర అంటుకుందని స్కూల్లో చదువుకున్నాం. అది అణిగాక 1858లో నేటివ్ సిపాయిల కోసం ఒక కొత్త మోడల్ తయారుచేశారు. బయటికి చూస్తే ఎన్‌ఫీల్డే. లోపల గాడుల్లేవు, గొట్టం .656కి నున్నగా తొలిచేశారు. అంటే గురిగా పేల్చడం తెలిసి, చేతనయ్యి కూడా, కావాలని తీసేశారన్నమాట! ఆ తర్వాత చాలా ఏళ్ళు మన సిపాయి చేతిలో ఉన్నది తెల్ల సైనికుడి తుపాకి కన్నా ఒక తరం పాతదే.

ఉత్తరాదిలో సిపాయిని 'తిలంగా' అనేవారు. తొలినాళ్ళలో కంపెనీ సేనలో చేరిన తెలుగువాళ్ళని బట్టి వచ్చిన పేరది. కంపెనీకి రాజ్యం గెలిచిపెట్టినవాడికి చివరికి దక్కిన నమ్మకం ఇదీ.

కాబట్టి మా లంచ్ వాదనకి నా జవాబు: బరువు తగ్గకుండా, మసికి ఇరుక్కోకుండా, ఎంత సన్నగా చేయగలిగితే అంత గురి. కానీ చరిత్రలో గొట్టం సైజు లెక్కలతోనే తేలలేదు. తుపాకి ఎవరి చేతికి వెళ్తుంది, దాన్ని వాడు ఎటు తిప్పుతాడు అన్న భయం కూడా స్పెక్‌లో ఉంది. రాసిపెట్టిన రిక్వైర్‌మెంట్ల కన్నా రాయనివే ప్రొడక్టుని ఎక్కువ మారుస్తాయి. మన ఆఫీసుల్లో మాత్రం అంతేగా, ఏమంటారు?