చిన్న పరిశ్రమకు సలహా బృందం: రాయ్‌పూర్ నుంచి కాకినాడ వరకు

రాయ్‌పూర్ శివారున భన్‌పురి పారిశ్రామిక ప్రాంతంలో, ఉర్కురా రైల్వే స్టేషన్ సమీపాన, కేంద్ర ప్రభుత్వపు చిన్న పరిశ్రమల సలహా కార్యాలయం ఉంది. దాని చుట్టుపక్కల కనిపించే యజమానుల స్థితిని గమనిస్తేనే ఆ కార్యాలయం ఎందుకు పుట్టిందో బోధపడుతుంది. భారీ కర్మాగారంలో లెక్కలు చూసేవారు వేరు, యంత్రాలు చూసేవారు వేరు, సరుకు అమ్మేవారు వేరు, చట్టం తెలిసినవారు వేరు. బియ్యం మిల్లు, అటుకుల మిల్లు, ఇనుప పనుల షెడ్డు నడిపే వ్యక్తికి ఈ నలుగురూ తానే. పొరపాటు జరిగితే హెచ్చరించడానికి పక్కన మరొకరు ఉండరు.

ఈ ఒంటరితనాన్ని స్వతంత్ర భారత ప్రభుత్వం తొలినాళ్లలోనే గుర్తించింది. ఫోర్డ్ ఫౌండేషన్ తోడ్పాటుతో 1953–54లో వచ్చిన అంతర్జాతీయ నిపుణుల బృందం దేశంలోని చిన్న పరిశ్రమలను పరిశీలించి, వాటికి అప్పు ఒక్కటే చాలదనీ, సాంకేతిక, నిర్వహణ, విక్రయ సలహాలను ఒకేచోట అందించే ప్రాంతీయ సంస్థలు కావాలనీ సూచించింది. చిన్న పరిశ్రమల సేవా సంస్థలు ఆ సూచన నుంచి పుట్టినవే. వాటి సంచార వాహనాలు పనిముట్లను తీసుకువెళ్లి మెరుగైన పద్ధతులను ప్రదర్శించేవి. సలహా కోసం యజమాని రావడం కాక, సలహాయే యజమాని గుమ్మం వద్దకు వెళ్లడం ఆనాటికి కొత్త ఆలోచన.

మరి సలహా చెప్పేవారిని తీర్చిదిద్దేదెవరు? ఆ పని కోసం 1960లో ఢిల్లీలో స్థాపించిన శిక్షణ సంస్థ 1962లో హైదరాబాదుకు తరలివచ్చింది. తెలుగువారు చాలాకాలం ‘సియెట్’ అని పిలుచుకున్న సంస్థ ఇదే. హార్వర్డ్ మనస్తత్వశాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్‌లీలండ్ 1964–65లో దీని సహకారంతోనే కాకినాడ ప్రయోగం నిర్వహించాడు. కాకినాడకు చెందిన యాభైమందికి పైగా వ్యాపారులు, చిన్న పరిశ్రమల యజమానులు ఇందులో శిక్షణ పొందారు. వారికి పెట్టుబడి ఇవ్వలేదు. తమ లక్ష్యాలను తామే పరిశీలించుకుని, చేయదలచిన పనిని నిర్దిష్టంగా నిర్ణయించుకునే అభ్యాసం ఇచ్చారు. శిక్షణ పొందనివారికంటే వీరు తరువాతి కాలంలో వ్యాపారంలో ఎక్కువ చొరవ చూపారని మెక్‌లీలండ్, డేవిడ్ వింటర్‌లు 1969లో ప్రచురించిన గ్రంథంలో వివరించారు. సంప్రదాయ విశ్వాసాలు ఇందుకు అడ్డు రాలేదన్నది వారి మరొక నిర్ధారణ.

మనస్తత్వ పరీక్షలతో వ్యాపార దక్షతను కొలవవచ్చునా అన్న శంక సహేతుకమే. అయితే ఆ ప్రయోగంలో పరీక్షలకంటే విలువైనది మరొకటుంది: ఒకే ఊరి వ్యాపారులు పోటీని కాసేపు పక్కనపెట్టి, ఒకరి యోచనను మరొకరి ముందు ఉంచడం. సలహా బృందమంటే నిపుణులు మాత్రమే కానక్కరలేదు.

తరువాత బోర్డులు మారాయి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం దరిమిలా సేవా సంస్థలు అభివృద్ధి సంస్థలయ్యాయి. 2022లో వాటి పేరు మళ్లీ మారింది. పేర్లకంటే ఆ చట్టంలోని ఒక నిబంధన ముఖ్యం. చిన్న సరఫరాదారుకు కొనుగోలుదారు ఎంత గడువు రాయించుకున్నా 45 రోజులకు మించి సొమ్ము ఆపరాదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ చెల్లించాలి. వివాదం వస్తే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయించవచ్చు.

కాగితం మీద ఇంత బలమైన హక్కు ఉన్నా, పెద్ద కొనుగోలుదారు దూరమవుతాడన్న భయంతో ఫిర్యాదుకు వెనుకాడే యజమానులు రాయ్‌పూర్‌లోనే కాదు, అన్నిచోట్లా ఉన్నారు. ముందే నమోదు చేసుకున్నాడా, బిల్లుపై సరుకు అందిన తేదీ వేయించుకున్నాడా, ఫిర్యాదుకు ముందు మర్యాదగా ఒక లేఖ రాసి చూశాడా – ఈ చిన్న ప్రశ్నలు వేసే మనిషి ఒకడు దగ్గరుంటే చాలా బకాయిలు కౌన్సిల్ గడప తొక్కకుండానే వసూలవుతాయి.