దయ్యపు కథలో దాఁగిన రోగి



నేను బడిపంతులుగా నుండిన యొక గ్రామమున, చాలకాలము క్రిందట, ఒక కోడలు రాత్రులందు లేచి యెవ్వరితోనో మాటలాడుచుండెను. దయ్యము పట్టినదని యింటివారు ఆమెను వేపమండలతోఁ గొట్టించిరి. మూఁడు రాత్రు లా చప్పుడు వింటిని. చదువుకొన్నవాఁడ నయ్యును వారింపలేదు. ఆ జ్ఞాపకమే నేఁడు నాచేత నొక చలనచిత్రపుఁ జరిత్రమును జెప్పించుచున్నది.

1993వ సంవత్సరమున మలయాళభాషయందు ‘మణిచిత్రతాళు’ అను చిత్రము వెలువడెను. మధు ముట్టం కథను వ్రాసెను. ఫాజిల్ దర్శకత్వము వహించెను. చిత్రాలంకృతమైన తాళమని యా పేరున కర్థము. నకులుఁడు, గంగ యను దంపతులు పూర్వుల పాతభవనమునకు వత్తురు. అందొక గదికిఁ దాళము వేసియుండును. తంజావూరినుండి వచ్చిన నాగవల్లి యను నర్తకి వేఱొకనిఁ బ్రేమించెనను కోపమున, ఆ యింటి పూర్వపుఁ బ్రభువు ఆమెను జంపెననియు, ఆమె ప్రేతము నా గదిలో బంధించిరనియుఁ బెద్దలు చెప్పుదురు. గంగ యా తలుపు తెఱిపించును. పిమ్మట రాత్రులందు గజ్జెల చప్పుడు, గానము వినవచ్చును.

ఇంటి మగవారు తమ నీడను దామే చూచి వణఁకుచుండఁగా ప్రేక్షకులు కడుపుబ్బ నవ్వుదురు. ఇందు గమనింపఁదగిన విషయ మొకటి కలదు. ఆ నవ్వు భయపడువారి మీఁదనే కాని రోగి మీఁదఁ గాదు. ఇంటివా రెవ్వరిని శంకించిరి? జాతకమున కుజదోషము కలదని యదివఱకే దుఃఖపడుచున్న శ్రీదేవి యను నమ్మాయిని! నిందకు బలహీనులే ముందు దొరకుదురు. తుదకు సన్నీ యను మనోవైద్యుఁడు నిజమును గనుఁగొనును. నాగవల్లివలెఁ బాడి యాడునది గంగయే. చిన్ననాఁడు తల్లిదండ్రులు దూరమున నుండఁగా, అవ్వ యొద్దఁ గథలు వినుచుఁ బెరిగిన యామె మనస్సు, ఒంటరితనమున రెండుగాఁ జీలినది. ఆ పాత్రను ధరించిన శోభనకు జాతీయ ఉత్తమనటి పురస్కారము లభించెను.

ఈ కథయే 2004లోఁ గన్నడమున ‘ఆప్తమిత్ర’ యనియు, 2005లోఁ దమిళమున ‘చంద్రముఖి’ యనియు, 2007లో హిందీని ‘భూల్ భులయ్యా’ యనియు వచ్చెను. ‘చంద్రముఖి’ తెలుఁగులోనికిని మార్పు చెంది మన పల్లెలకును జేరెను. ఇం దొక వింత కలదు. మలయాళచిత్రమున దయ్యము తమిళమున మాటలాడెను. కన్నడ తమిళ చిత్రములలోఁ దెలుఁగున మాటలాడెను! దయ్య మెప్పుడును బొరుగువారి యింటినుండియే వచ్చునని మానవులు తలంతురు కాఁబోలు. రోగము మాత్రము మన యింటనే పుట్టును.

ఇది పాశ్చాత్యులు నేర్పిన మాట యని యనుకొనకుఁడు. చరకసంహిత నిదానస్థానమున ఉన్మాదమున కొక ప్రత్యేకాధ్యాయము కలదు. అందుఁ జెప్పఁబడిన యైదు విధములలో నాలుగు శరీరదోషములవలనఁ గలుగునవే. దేవతలపైఁ గాని పిశాచములపైఁ గాని నేరము మోపరాదని యా గ్రంథమే యుపదేశించుచున్నది.

చిత్రమున లోపము లేకపోలేదు. తాంత్రికుఁడును వైద్యుఁడును గలిసి, శత్రువునకు బదులుగా నొక బొమ్మను నాగవల్లి చేత నఱికించి గంగను స్వస్థురాలిని జేయుదురు. నిజమైన చికిత్స యొక రాత్రి నాటకముతో ముగియదు. దానికి నెలలు, ఒక్కొక్కప్పు డేండ్లు పట్టును. మందులు, ఓర్పుతో వినువారు, ఇంటివారి యాదరణ కావలయును.

ఆ చిత్రము వెలువడిన పిమ్మట నెనిమిదేండ్లు నిండక పూర్వమే, 2001 ఆగస్టు 6వ తేదీని, తమిళనాడులోని ఏర్వాడిలో మనోరోగుల నుంచిన యొక పాకకు నిప్పంటుకొనెను. గొలుసులతోఁ గట్టియుంచుటచేఁ బరుగెత్త లేక 28 మంది మరణించిరి. స్వస్థత కలుగునను నమ్మకముతో వారిని వారి బంధువులే యచ్చట విడిచిరి. వెండితెరపైఁ దాళము తెఱచితిమి, లోకమునఁ దెఱవలేదు. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము రోగులను గొలుసులతో బంధించుటను బూర్తిగా నిషేధించినది.

కాని చట్టము ప్రతి గడపకును రాలేదు. గ్రామమునఁ బెద్దల మాటయే ముందు చెల్లును. మీ వీథిలో నెవ్వరైన రాత్రులందుఁ దమలోఁ దాము మాటలాడుచున్నారని వినిననాఁడు, వేపమండలు విఱువకమునుపే, వారిని వైద్యునియొద్దకుఁ గొనిపొండని చెప్పుఁడు. దయ్యమును జూచి నవ్వుఁడు; రోగిని జూచి నవ్వకుఁడు. నేను జేయలేకపోయిన పనిని మీరైనఁ జేయుదురని నమ్మి విరమించుచున్నాను.