మెదడే ఆజ్ఞ, మెదడే బలి

సీతాకోకచిలుక అంటే ఎదిగిన గొంగళిపురుగేనా, లేక అది చచ్చాక పుట్టిన వేరే ప్రాణా? 1669 దాకా ఐరోపా పండితుల్లో రెండో మాటకే బలం ఎక్కువ. ఆ ఏడాది డచ్ పరిశోధకుడు యాన్ స్వామర్‌డామ్ తన కీటక గ్రంథంలో దానిని గట్టిగా ఖండించాడు. ముదిరిన గొంగళిపురుగును కోసి, చర్మం కిందే మడతపడి ఉన్న రెక్కలను, కాళ్లను చూపించాడు. అదే ఏడాది ఇటలీలో మార్చెల్లో మాల్పీగీ పట్టుపురుగు పొట్ట వెంబడి సాగే నాడీదండాన్ని, దాని మీద నాడీకణాల ముడులైన నాడీసంధులను బొమ్మ గీశాడు.

గొంగళిపురుగు కోశంలో ప్యూపాగా ఉన్నప్పుడు ఆ దండం ఏమవుతుందో ఓపికగా చూసినవాడు జార్జ్ న్యూపోర్ట్. కాంటర్‌బరీలో బండిచక్రాలు చేసే ఇంట పుట్టి వైద్యుడైన ఆయన, 1830లలో ఒక శలభాన్ని దశదశకూ కోసి చూశాడు. నాడీసంధుల మధ్య తాళ్లు పొట్టివై, కొన్ని సంధులు ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయని తేల్చాడు. అంటే పాత నాడులు మాయం కావడం లేదు, మారుతున్నాయి.

మార్చేది ఎవరు? నా దృష్టిలో ఈ చరిత్రకు నడిబొడ్డు పోలండ్ శాస్త్రవేత్త స్టెఫాన్ కోపెచ్ ప్రయోగమే. 1917లో, ఆపైన 1922లో ఆయన ఆ ఫలితాలను ప్రకటించాడు. గొంగళిపురుగు నడుముకు దారం బిగిస్తే ముందు భాగం మాత్రమే ప్యూపా అయింది. నాడీదండాన్ని తెంచినా మార్పు ఆగలేదు. మెదడును ముందుగానే తీసేస్తే మాత్రం పురుగు బతికింది గానీ ప్యూపా కాలేదు. ఆజ్ఞ మెదడుదే, కానీ అది నాడుల గుండా కాక రక్తంలో ప్రయాణిస్తోంది! మెదడు హార్మోన్‌ను స్రవిస్తుందన్న ఆ మాటను అప్పట్లో నమ్మినవాళ్లు తక్కువ. 1941లో నాజీలు ఆయనను కాల్చిచంపారు. దక్కాల్సిన గౌరవం ఆయనకు ఇప్పటికీ పూర్తిగా దక్కలేదు.

మెదడు స్రవించే ఆ పదార్థం ఛాతీలోని గ్రంథిని మేల్కొలిపితే, ఆ గ్రంథి మరో హార్మోన్‌కు మూలపదార్థాన్ని వదులుతుంది. ఆ రెండో హార్మోనే ఎక్డైసోన్. 1954లో బ్యూటెనాంట్, కార్ల్‌సన్ 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి 25 మిల్లీగ్రాముల ఎక్డైసోన్‌ను వేరుచేశారు.

అది తిరిగి నాడుల మీదే పనిచేస్తుందని 1970ల నుంచి జేమ్స్ ట్రూమన్ బృందం పురుగు దశలో పొగాకు ఆకులు తినే మాండూకా శలభంలో నిరూపిస్తూ వచ్చింది. పురుగు నడకకు పనికొచ్చిన నాడీకణాలు, కొమ్మలు నరికిన మల్లెపొదలా, పాత శాఖలను వదిలి కొత్తవి వేసి రెక్కజీవి కండరాలకు పనిచేస్తాయి. శలభం బయటికొచ్చాక హార్మోన్ తగ్గగానే, పని తీరిన కణాలెన్నో చచ్చిపోతాయి. ఆజ్ఞ ఇచ్చిన అవయవమే ఆ మార్పుకు లోబడడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

మరి జ్ఞాపకం మాటేమిటి? 2008లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ బృందం మాండూకా పురుగులకు ఒక వాసనతో పాటు విద్యుత్ షాక్ ఇచ్చింది. గొంగళిపురుగు ఎదుగుదలలోని చివరి దశలో నేర్చినవి శలభాలయ్యాక కూడా ఆ వాసనకు దూరం జరిగాయి. మూడో దశలో నేర్చినవి మరిచిపోయాయి. 2023లో ట్రూమన్, ఆయన సహచరులు పండ్ల ఈగ మెదడులో జ్ఞాపకానికి ఆధారమైన నాడీకణాలను ఒక్కొక్కటిగా వెంబడించారు. రూపవిక్రియలో ఆ వలయాలు విడిపోయి, చాలా కణాలు వేరే పనుల్లోకి మారుతున్నాయనీ, పాత జ్ఞాపకం నిలిచే దారి అక్కడ కనబడలేదనీ చెప్పారు. ఈగ మీద వచ్చిన ఈ తీర్పును శలభానికి అంటగట్టడం తొందరపాటే. అంత నిశితమైన పటం శలభం మెదడుకూ గీయాలి.