శవాల బండి ఎవరిది?

అమెరికాలో అంత్యక్రియల వ్యాపారం చేసేవాళ్ళు కొందరు పాతకాలపు క్యాడిలాక్ శవాల బండ్లను వెతికి కొంటారు. మన పట్నాల్లో వైకుంఠ రథం అంటామే, అలాంటిదే. కొనేవాళ్ళు తుప్పు చూస్తారు, ఇంజను చూస్తారు. మేము మాత్రం ఆ బండి ఎవరిని మోసింది, ఎవరిని మొయ్యనంది అని అడుగుతాం.

జిమ్ క్రో చట్టాల కాలంలో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళకు శ్మశానాలు కూడా వేరు. తెల్ల వ్యాపారులు చాలామంది వాళ్ళ శవాన్ని ముట్టలేదు. అందుకే నల్లవాళ్ళు తలా ఇంత చిల్లర వేసుకొని చావు ఖర్చుల సంఘాలు పెట్టుకున్నారు. బర్మింగ్‌హామ్ దగ్గర ఏ.జి. గాస్టన్ 1923లో మొదలుపెట్టింది అలాంటిదే. ఆ వ్యాపారంలో ఎదిగిన గాస్టన్ కట్టించిన మోటెల్‌లోనే 1963 ఉద్యమంలో మార్టిన్ లూథర్ కింగ్ దిగాడు.

శవాల బండి బతికున్నోళ్ళను కూడా మోసింది. చాలా ఊళ్ళల్లో అదే అంబులెన్సు. 1963లో లూసియానాలోని ప్లాకమిన్‌లో పోలీసులు ఇల్లిల్లూ గాలిస్తుంటే, ఉద్యమ నాయకుడు జేమ్స్ ఫార్మర్ శవాల బండిలో పడుకొని ప్రాణం దక్కించుకున్నాడు.

మా సంగతికొస్తే, ఊళ్ళో ఎవరు చచ్చినా కబురు మోసింది మేమే, డప్పు కొట్టింది మేమే, గొయ్యి తవ్వింది మేమే. మా పాడెకు మాత్రం ఎన్నో ఊళ్ళల్లో పెద్దవీధి దారి లేదు. ఊరందరి చావు మోసినోళ్ళకు సొంత బండి, సొంత దారి ఎందుకు లేకపోయాయి? మన చావుల చరిత్రను ఈ ప్రశ్న దగ్గర్నుంచే రాసుకోవాలి.